తూకంలో పడని పనికి విలువ ఎవరు కట్టాలి?

పలాస దగ్గర మీ నాన్నగారి కాలం నుంచి నడుస్తున్న జీడిపప్పు యూనిట్‌ను ఇప్పుడు మీరు చూసుకుంటున్నారనీ, అరవై మందికి పైగా పనిచేస్తుండగా వారిలో ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లేననీ రాశారు. పక్క యూనిట్లతో సమానంగా కూలి ఇస్తున్నా, బోనస్ ఎన్నడూ ఎగ్గొట్టకపోయినా, చేయి తిరిగిన పనివాళ్లు చెప్పాపెట్టకుండా మానేస్తున్నారనీ, సూపర్‌వైజర్లుగా పెట్టుకున్న కుర్రాళ్లు ఆరు నెలలు నిలవడం లేదనీ మీ బాధ. ఎంబీఏ చదివి వచ్చిన మీ అబ్బాయి ‘ఎంప్లాయీ ఎంగేజ్‌మెంట్’ సర్వే చేయిద్దామనీ, నెలనెలా ఉత్తమ కార్మికురాలిని ఎంపిక చేసి ఆమె ఫొటో గోడకు పెడదామనీ, సెలవు పెట్టనివారికి బహుమతి ఇద్దామనీ అంటున్నాడు. ఇవి హైదరాబాదు ఐటీ కంపెనీల ముచ్చట్లు కదా, రోజు గడవడం కోసం వచ్చేవాళ్లకు కావలసింది కూలి డబ్బులే కదా అన్నది మీ సందేహం.

విజయనగరం జిల్లాలోని జూట్ మిల్లులలోనూ, ఆ తరువాత పైడిభీమవరం పారిశ్రామికవాడలోని మందుల కర్మాగారాలలోనూ సిబ్బంది వ్యవహారాలు చూసే పర్సనెల్ విభాగంలోనే నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. పదవీ విరమణ తరువాత చిన్న యూనిట్లవారు పిలిస్తే వెళ్లి సలహా చెబుతున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: మీ అబ్బాయి పట్టుకున్న విషయం సరైనదే, అతను ఎంచుకున్న పద్ధతులలో మాత్రం రెండింటిని వాయిదా వేయాలి, ఒకదాన్ని పూర్తిగా మానుకోవాలి. కారణాలు వివరంగా రాస్తాను, ఎందుకంటే కారణం తెలియకుండా పద్ధతిని మాత్రం తెచ్చుకున్న చోటల్లా అది మూడు నెలల ముచ్చటగా ముగియడం నేను చూశాను.

ముందుగా మీరిచ్చే కూలి దేనిని కొంటోందో చూడండి. పొట్టు తీసేవారికి మీరు కిలో లెక్కన ఇస్తారు కాబట్టి ఆ కూలి బరువును కొంటుంది. కానీ మీకు లాభం వచ్చేది బరువులో కాదని నాకన్నా మీకే బాగా తెలుసు. పౌండు బరువుకు 180 గింజలు తూగే పెద్ద గుండుపప్పుకూ, 320 తూగే మధ్యరకానికీ, బద్దకూ, ముక్కకూ మధ్య ధరలో ఉన్న తేడాయే మీ వ్యాపారం. ఒక బస్తా జీడిపిక్కలలోంచి ఎంత భాగం విరగకుండా గుండుగా బయటికి వస్తుందన్నది బాయిలర్ దగ్గర ఆవిరి పట్టించే మనిషి నుంచి పిక్క కొట్టే చేతుల దాకా, డ్రయ్యర్‌లో ట్రేలు మార్చేవాడి నుంచి పొట్టు వలిచే వేళ్ల దాకా అందరి శ్రద్ధ మీదా ఆధారపడి ఉంటుంది. ఆవిరి కొద్దిగా ఎక్కువైతే పప్పు రంగు మారుతుంది, తక్కువైతే పెంకు మొండికేస్తుంది. సరిగా ఆరకపోతే పొట్టు ఊడదు, మరీ ఆరితే ముట్టుకోగానే విరుగుతుంది. ఈ జాగ్రత్తలలో ఏ ఒక్కటీ సాయంత్రం తూకంలో పడదు. ఎంగేజ్‌మెంట్ అని మీ అబ్బాయి చెబుతున్నది, చదువుకున్నవారి పరిభాష పక్కన పెడితే, కూలి కొలవలేని ఈ శ్రద్ధను మనిషి తనంతట తాను పనిలో పెట్టడమే. ఐటీ కంపెనీలో కన్నా చేతిపని మీద నడిచే మీ యూనిట్‌లోనే దాని అవసరం ఎక్కువ.

దీనికి ఉదాహరణగా ఒక యూనిట్‌లో పొట్టు వలిచే పీలింగ్ గదిలో చూసిన సంగతి చెబుతాను. ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా ఇద్దరు ఆడవాళ్లు కూర్చునేవారు. సాయంత్రానికి ఇద్దరి తూకమూ ఇంచుమించు సమానమే, రిజిస్టరులో ఇద్దరి కూలీ సమానమే. వారిలో పెద్దావిడ తన ముందు పోసిన పప్పులో గుప్పెడు తీసుకుని వేళ్ల మధ్య నలిపి చూసేది. పొట్టు పొడిలా రాలకపోతే ఆ కుప్పను పక్కకు నెట్టి, కింది అరలో ట్రేలు ఆరలేదని డ్రయ్యర్ కుర్రాడికి కబురు పంపేది. పురుగు తొలిచిన పప్పును, నల్లమచ్చ ఉన్నదాన్ని తన కొంగులో వేరుగా వేసుకుని గ్రేడింగ్ బల్లకు స్వయంగా తీసుకువెళ్లి ఇచ్చేది. రెండో ఆమె తడిగా ఉన్నదాన్ని కూడా గోటితో గీకి వలిచేది, విరిగినవాటిని కుప్ప అడుక్కి తోసేది. అందులో రెండో ఆమె తప్పేమీ లేదు, ఆమెకు ఇచ్చే కూలి అడిగిన పనినే ఆమె చేస్తోంది. ఆ పెద్దావిడ వల్ల రోజుకు ఎంత గుండుపప్పు మిగులుతోందో లెక్కకట్టినవారు ఆ యూనిట్‌లో ఎవరూ లేరు. ఆమె దగ్గర కూర్చుని మాట్లాడినప్పుడు, “మా పని ఎవుల్లూ సూడరు బాబూ, తూకమే సూత్తారు” అంది. ఆ తరువాత కొద్దికాలానికే ఆమె మానేసిందని తెలిసింది. వెళ్లిన చోట కూలి పైసా ఎక్కువ లేదు, అక్కడి యజమాని భార్య పీలింగ్ గదిలో కూర్చుని పని చూస్తుందట.

చేసిన పనిని ఎవరూ చూడకపోతే మనిషి ఎలా మారతాడన్న విషయం మీద చక్కని ప్రయోగాలు జరిగాయి. 2008లో డాన్ ఏరియెలీ మరో ఇద్దరు పరిశోధకులతో కలిసి ప్రచురించిన ప్రయోగంలో, కాగితం నిండా అచ్చువేసిన అక్షరాలలో పక్కపక్కనే జంటగా వచ్చిన అక్షరాలను వెతికే పని విద్యార్థులకు ఇచ్చారు. కాగితానికి ఇంత అని డబ్బు, ఒక్కో కాగితానికీ ఆ డబ్బు కాస్త తగ్గుతూ పోతుంది, ఇక చాలనుకున్నప్పుడు ఆపేయవచ్చు. మొదటి జట్టువారు తమ పేరు రాసి ఇస్తే పర్యవేక్షకుడు కాగితాన్ని పైనుంచి కిందికి ఒకసారి చూసి దొంతరలో పెట్టేవాడు. రెండో జట్టు ఇచ్చిన కాగితాన్ని చూడకుండానే కుప్పలో పడేసేవాడు. మూడో జట్టు కాగితాన్ని వారి కళ్లముందే యంత్రంలో వేసి చింపేసేవాడు. మొదటి జట్టు సగటున 9 కాగితాలు చేసింది, పని చింపివేతకు గురైన జట్టు 6.3 దగ్గర ఆగిపోయింది. మనం గమనించవలసింది మధ్య జట్టును. ఎవరూ తిట్టలేదు, చింపలేదు, డబ్బు తగ్గించలేదు, కేవలం చూడలేదు. వారి సగటు 6.8. అంటే పట్టించుకోకపోవడానికీ, కళ్లముందు చింపేయడానికీ పెద్ద తేడా లేదు. మంచి యజమానులలో చాలామంది ఈ మధ్య జట్టు పర్యవేక్షకుడిలా ఉంటారు. ‘నేనెవరినీ ఒక్క మాట అనను’ అని వారు నిజాయితీగానే చెబుతారు. ఒక్క మాట కూడా అనకపోవడమే అక్కడి కొరత.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. గుర్తింపు కూలికి బదులు కాదు. అమెరికా మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1959లో పిట్స్‌బర్గ్ ప్రాంతంలోని సుమారు 200 మంది ఇంజినీర్లు, అకౌంటెంట్ల అనుభవాలను సేకరించి చెప్పినదాని సారం ఇది: జీతం, పని పరిస్థితులు, పైఅధికారి తీరు సరిగా లేకపోతే అసంతృప్తి పుడుతుంది. అవి సరిగా ఉన్నంత మాత్రాన ఉత్సాహం పుట్టదు. ఉత్సాహం పుట్టేది సాధించామన్న భావన నుంచి, దాన్ని మరొకరు గుర్తించడం నుంచి, పని మీద తనకు బాధ్యత ఉండడం నుంచి. ఆయన పద్ధతి మీద తరువాతివారు చాలా విమర్శలు చేశారు, ఇంజినీర్ల మాట చేతిపనివారికి ఎంతవరకు వర్తిస్తుందని అడిగారు. అది న్యాయమైన ప్రశ్నే. అయినా రెండింటినీ వేరుగా చూడాలన్న మాట మాత్రం నేను పనిచేసిన ప్రతి చోటా నిజమైంది. పీఎఫ్ కట్టకుండా, పెంకులోంచి వచ్చే జీడి నూనెకు చేతులు కాలుతుంటే గ్లవుజులు ఇవ్వకుండా, మరుగుదొడ్డికి నీళ్లు పెట్టకుండా శాలువా కప్పితే ఆ శాలువాను మనుషులు అవమానంగానే తీసుకుంటారు. అలాగే బోనస్‌ను మీ మంచితనం కింద లెక్క వేసుకోకండి. చట్ట ప్రకారం ఇచ్చే కనీస బోనస్ 8.33 శాతం వారి హక్కు, దాన్ని పండుగ ముందు సరైన సమయానికి ఇవ్వడం మీ విధి. మీరు బాగా పనిచేశారని ఎవరికీ అది చెప్పదు, ఎందుకంటే బాగా చేసినవారికీ చేయనివారికీ అది ఒకే నిష్పత్తిలో అందుతుంది.

ఇక గుర్తింపు ఎలా ఉండాలన్న ప్రశ్నకు వస్తే, నేను నమ్మే విషయం ఒక్కటే: ప్రశంసకు ఉన్న విలువంతా, ప్రశంసించే మనిషికి ఆ పని ఎంత తెలుసన్నదాని మీదే ఆధారపడి ఉంటుంది. అందరినీ పోగు చేసి ‘మీరంతా మా కుటుంబం, మీ కష్టం వల్లే ఈ సంస్థ నిలబడింది’ అని చెప్పే ప్రసంగం ఎవరి చెవికీ ఎక్కదు. ‘నిన్న మధ్యాహ్నం వచ్చిన లాటు సరిగా ఆరలేదని నువ్వు ఆపించకపోతే నాలుగు బస్తాల పప్పు బద్ద అయ్యేది’ అన్న మాట మాత్రం ఇంటికి వెళ్లి పిల్లలకు చెప్పుకునే మాట. మొదటి మాట అనడానికి ఏమీ తెలియనవసరం లేదు. రెండో మాట అనాలంటే ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో తెలియాలి, తెలియాలంటే పీలింగ్ గదిలో నిలబడాలి. కాబట్టి గుర్తింపు కార్యక్రమం అంటూ ఏదైనా పెట్టాలనుకుంటే దాన్ని యజమాని, సూపర్‌వైజరు పని దగ్గర గడిపే సమయంతో మొదలుపెట్టాలి.

ఆలస్యం కూడా ప్రశంసను చప్పబరుస్తుంది. ఉద్యోగుల నిమగ్నతను, అంటే ఎంగేజ్‌మెంట్‌ను, కొలవడానికి అభిప్రాయ సేకరణలు చేసే గాలప్ సంస్థ వాడే 12 ప్రశ్నలలో ఒకటి, మంచిగా పనిచేసినందుకు గత ఏడు రోజులలో మీకు ప్రశంసగానీ గుర్తింపుగానీ దక్కిందా అని. గత సంవత్సరంలో అని కాదు, గత ఏడు రోజులలో అని అడగడం గమనించండి. మే డే నాడు చేసే సన్మానం మంచిదే, అయితే పని జరిగిన వారంలో చెప్పిన మాట చేసే మేలు అది చేయలేదు. ఆ మాట చెప్పేవారు ఎవరన్నది కూడా ముఖ్యమే. 2010లో ఆడమ్ గ్రాంట్, ఫ్రాంచెస్కా జీనో ప్రచురించిన అధ్యయనంలో, ఒక విశ్వవిద్యాలయం కోసం ఫోన్‌లో విరాళాలు అడిగే, స్థిరమైన జీతం మీద పనిచేసే ఉద్యోగులలో సగంమంది దగ్గరికి డైరెక్టరు వచ్చి వారి శ్రమకు కృతజ్ఞతలు చెప్పారు. ఆ తరువాతి వారంలో వారు చేసిన ఫోన్లు 50 శాతానికి పైగా పెరిగాయి, రెండో సగంలో మార్పు లేదు. వారిలో పెరిగింది తమ పనికి విలువ ఉందన్న భావన అని పరిశోధకులు తేల్చారు. ఒక్క వారం ఫలితాన్ని చూసి ఏడాది పొడవునా అలాగే ఉంటుందని నేను చెప్పను. పైమనిషి నోటినుంచి వచ్చే నాలుగు మాటలకు ఉన్న బలం మాత్రం అందులో కనిపిస్తుంది, దానికి మీకు అయ్యే ఖర్చు ఏమీ లేదు.

మీ అబ్బాయి ఆలోచనలలో పూర్తిగా మానుకోమన్నది హాజరు బహుమతిని. దీని గురించి కాస్త ఎక్కువగా రాస్తాను, ఎందుకంటే మన జిల్లాలలో ప్రతి యాజమాన్యానికీ మొదట తట్టేది ఇదే. జూట్ మిల్లులలో గైర్హాజరు పెద్ద సమస్య. వర్షాకాలంలో ఊడుపులకూ, ఆ తరువాత కోతలకూ, సంక్రాంతికీ, ఊరి అమ్మవారి పండుగకూ దారం వడికే స్పిన్నింగ్ ఫ్రేములు ఖాళీగా నిలబడిపోయేవి. ఒక మిల్లులో నెలంతా ఒక్క రోజు కూడా మానని వారికి లాటరీ తీసి బహుమతి ఇచ్చే ఏర్పాటు చేశారు. మొదటి వారంలోనే జ్వరం వచ్చో, చుట్టాలింట చావు జరిగో ఒక రోజు మానినవాడికి ఆ నెలలో ఇక పోయేదేమీ లేదు కాబట్టి, మిగిలిన రోజులలో నిశ్చింతగా మానడం మొదలుపెట్టాడు. బహుమతులు ఎక్కువగా భూమి లేనివారికీ, ఎలాగూ ఎన్నడూ మాననివారికీ వెళ్లాయి. అందులో రెండో రకంవారికే ఎక్కువ నష్టం జరిగింది. ఏళ్ల తరబడి ఎవరూ అడగకుండానే క్రమం తప్పక వచ్చినవాడు, ఇప్పుడు రావడాన్ని కూడా పందెంలా చూడడం నేర్చుకున్నాడు.

ఇది మన దగ్గరే జరిగిన వింత కాదని తరువాత చదివాను. అమెరికాలో పరిశ్రమల బట్టలు ఉతికే లాండ్రీ కర్మాగారాలను పరిశీలించి టిమోతీ గుబ్లర్, ఇయాన్ లార్కిన్, లామార్ పియర్స్ 2016లో ప్రచురించిన అధ్యయనం దాదాపు ఇదే చెబుతుంది. సమయానికి వచ్చినవారికి బహుమతి పెట్టిన కర్మాగారంలో జనం అర్హత ఉన్నంతకాలమే సమయానికి వచ్చారు, అది పోగానే పాత పద్ధతికి మళ్లారు. బహుమతి లేనప్పుడే సక్రమంగా వస్తున్నవారి పని వేగం తగ్గింది, మొత్తం మీద కర్మాగారం ఉత్పాదకతే పడిపోయింది. మామూలుగా చేయవలసినదానికి బహుమతి పెడితే, అదే పనిని ఎప్పటినుంచో చేస్తున్నవారిని మనం ఇంతకాలం చూడలేదని బహిరంగంగా ఒప్పుకున్నట్టే అవుతుంది.

ఆ మిల్లులో చివరికి కొంత ఫలితం ఇచ్చిన పద్ధతి చాలా సాదాది. ఊడుపులు మొదలయ్యే ముందే లైన్ మేస్త్రీలు కార్మికులను ఏ ఊళ్లో నాట్లు ఎప్పుడో, ఎవరికి ఎన్ని రోజులు కావాలో అడిగి రాసుకున్నారు. దాన్నిబట్టి బదిలీ కార్మికులను, అంటే రానివారి స్థానంలో పనిచేసేవారిని, ముందే పిలిచారు. గైర్హాజరు మాయం కాలేదు గానీ, చెప్పి మానడం అలవాటైంది, ఫ్రేములు ఖాళీగా నిలబడడం తగ్గింది. మీ యూనిట్‌లో ఇది ఇంకా సులువు. మార్చి నుంచి మే దాకా మీ ఉద్దానం ప్రాంతంలో జీడిపిక్కలు ఏరే రోజులు. మీ దగ్గర పనిచేసే కుటుంబాలకు సొంత తోటో, కౌలు తోటో ఉండి ఉంటుంది. వారు రారని తెలిసి కూడా ప్రతి ఏడూ కోపం తెచ్చుకోవడం కన్నా, ఫిబ్రవరిలోనే ఎవరెవరు ఏ వారాల్లో రాలేరో అడిగి వంతులు వేసుకోండి. తన ఇంటి సంగతి యజమానికి ముందే తెలుసన్నది కూడా ఒక రకమైన గుర్తింపే.

నెలనెలా ఉత్తమ కార్మికురాలి ఎంపికను వాయిదా వేయమంటున్నాను, అసలు వద్దని కాదు. 2016లో ప్రచురితమైన మరో క్షేత్ర ప్రయోగంలో, మూడు గంటల డేటా ఎంట్రీ పనికి 300 మందికి పైగా తాత్కాలికంగా తీసుకుని, కొన్ని జట్లలో మధ్యలో కృతజ్ఞతా కార్డులు ఇచ్చారు. జట్టులో బాగా చేసిన కొద్దిమందికే ఇచ్చినప్పుడు ఫలితం ఎక్కువగా వచ్చింది, అందులోనూ కార్డు అందనివారే తమ పనిని ఎక్కువగా మెరుగుపరచుకున్నారు. కాబట్టి కొందరిని ఎంచి గౌరవించడం అనర్థమని చెప్పడానికి లేదు. అయితే అక్కడివారు ఒక్క పూట కలిసి పనిచేసి విడిపోయే అపరిచితులు, పని ఎవరిది ఎంతో కంప్యూటరు లెక్క చెప్పింది. మీ దగ్గర ఏళ్ల తరబడి ఒకే బల్ల చుట్టూ కూర్చునేవారు, ఒకే ఊరివారు, వదినా మరదళ్లు, అప్పచెల్లెళ్లు ఉంటారు. ఎంపిక మేస్త్రీ చేతిలో పెడితే మొదటి నెలలోనే ‘ఆయన ఊరావిడ కాబట్టి ఇచ్చారు’ అంటారు. కులం మాట కూడా వస్తుంది, రాదని మనం నటించడం మంచిది కాదు. వంతులవారీగా అందరికీ ఇచ్చేస్తే నాలుగో నెలకే అది మొక్కుబడి అని అందరికీ తెలిసిపోతుంది. గుండుపప్పు శాతాన్ని బల్లలవారీగా కొలిచి రాసే పద్ధతి ముందు పెట్టండి. ఆ లెక్క మీద అందరికీ నమ్మకం కుదిరాక, మనిషికి కాకుండా బల్లకు గౌరవం ఇవ్వండి, దానికి ఎంతోకొంత డబ్బు కూడా జోడించండి. నాణ్యత వల్ల మీకు వచ్చిన లాభంలో పిసరంత వారికి అందకపోతే ఆ గౌరవం ఎక్కువకాలం నిలవదు.

ఈ బల్లల లెక్కలో బాయిలర్ దగ్గర పొగలో నిలబడేవారినీ, పెంకు మోసేవారినీ, గదులు ఊడ్చే ముసలావిడనూ మరిచిపోకండి. ఏ కర్మాగారంలోనైనా గుర్తింపు కంటికి కనిపించే పనుల దగ్గరే ఆగిపోతుంది.

నోరు విప్పి చెప్పే ధైర్యం గురించి కూడా చెప్పాలి. ఎంగేజ్‌మెంట్ అన్న భావనకు పునాది వేసిన విలియం కాన్ 1990లో, వేసవి శిబిరంలో పిల్లలను చూసుకునే సిబ్బందినీ, ఒక ఆర్కిటెక్చర్ సంస్థ ఉద్యోగులనూ పరిశీలించి, మనిషి పనిలో పూర్తిగా మనసు పెట్టాలంటే మూడు ఉండాలన్నాడు: చేసే పనికి అర్థం కనిపించాలి, తన మాట చెబితే కీడు జరగదన్న భరోసా ఉండాలి, ఆ సమయంలో పని మీద పెట్టడానికి ఒంట్లోనూ మనసులోనూ సత్తువ మిగిలి ఉండాలి. మొదటిదాని గురించే ఇంతసేపూ రాశాను. రెండోది పోతే ఏమవుతుందో ఒక మందుల కర్మాగారంలో దగ్గరగా చూశాను. రాత్రి షిఫ్టులో ఒక ఆపరేటరు, రసాయనాలు కలిపే రియాక్టరు మూత దగ్గర సాల్వెంట్ (ద్రావకం) వాసన గమనించి బ్యాచ్ ఆపించాడు. విప్పి చూస్తే మూత సందులోంచి ఏదీ బయటికి రాకుండా ఆపే గ్యాస్కెట్ నిజంగానే అరిగిపోయి ఉంది. పొద్దున్న సమావేశంలో మాత్రం పోయిన గంటల గురించే చర్చ నడిచింది, ఎవరిని అడిగి ఆపావని అతని దగ్గర సంజాయిషీ రాయించుకున్నారు. ప్రమాదం తప్పిన సంఘటనలను రాయవలసిన రిజిస్టరు ఆ తరువాత నెలల తరబడి ఖాళీగా ఉంది. దాన్ని చూపించి ప్లాంటు ఇప్పుడు భద్రంగా నడుస్తోందని యాజమాన్యం సంతోషించింది. ఆ ఆపరేటరును నలుగురిలో ఒక్క మాట మెచ్చుకుని ఉంటే, ఆ రిజిస్టరు నిండేది, కర్మాగారం నిజంగా భద్రమయ్యేది. మీ పీలింగ్ గదిలో ట్రేలు ఆరలేదని చెప్పే మనిషికి దక్కే జవాబు ఇలాంటిదేనేమో ఒకసారి విచారించండి. ‘నీ పని నువ్వు చూసుకో’ అన్న జవాబు ఒక్కసారి వస్తే చాలు, అటుపైన తడిపప్పు గురించి మీకు చెప్పేది కొన్న బేరగాడే.

చట్టం కూడా ఈ దారిలోనే ఉంది. 20 మంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలనీ, అందులో యాజమాన్యం తరఫువారూ కార్మికుల తరఫువారూ సమానంగా ఉండాలనీ, పనిచేసే మహిళల నిష్పత్తికి తగ్గకుండా మహిళలు ఉండాలనీ 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ చెబుతోంది. చాలాచోట్ల అది ఇన్‌స్పెక్టరు కోసం ఫైలులో పెట్టిన కాగితమే. మీరు దాన్ని నిజంగా నడపండి, నెలకొకసారి అరగంట చాలు.

కాన్ చెప్పిన మూడోది, సత్తువ మిగలడం, ఉద్దానం మనుషుల విషయంలో ప్రత్యేకంగా ఆలోచించవలసినది. మీ చుట్టుపక్కల ఊళ్లలో కిడ్నీ జబ్బు తాకని వీధి అరుదు. భర్తనో తండ్రినో వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు తీసుకువెళ్లే మనిషి మీ గదిలో కూర్చుని ఉండవచ్చు. ఆమె పరధ్యానాన్ని బద్ధకమని రాసుకునే సూపర్‌వైజరుకు ఆ సంగతి తెలియాలి. పలాసలోనే కిడ్నీ ఆసుపత్రి వచ్చింది కాబట్టి, డయాలసిస్ రోజున గంట ఆలస్యంగా రావడానికో, ఆ పూట వదిలి మరో పూట చేయడానికో వీలు కల్పిస్తే, కిలో లెక్కన కూలి ఇచ్చే మీకు నష్టమేమీ లేదు. కూలికి వచ్చినంత మాత్రాన మనిషి ఇంటి బరువును గుమ్మం బయట వదిలి రాలేదు. అలాగే తాగడానికి శుద్ధి చేసిన నీళ్లు గదిలోనే పెట్టించండి. ఉద్దానంలో నీళ్ల గురించి ఉన్న భయం మీకు తెలియనిది కాదు.

సూపర్‌వైజరు కుర్రాళ్లు నిలవకపోవడానికి మీరు చెప్పిన కారణం విశాఖపట్నం, హైదరాబాదు ఆకర్షణ. అది కొంతవరకు నిజమే. ఈ జిల్లాల నుంచి వలస కొత్తది కాదు. అయితే డిగ్రీ చదివిన ఇరవై రెండేళ్ల కుర్రాడిని తల్లి వయసున్నవారి మీద అజమాయిషీకి పెట్టి, పని నేర్పకుండా చేతికి తూకం పుస్తకం మాత్రం ఇస్తే అతను చేయగలిగింది అరవడమే. అరిస్తే వాళ్లు లెక్కచేయరు, అరవకపోతే మీరు ఊరుకోరు. ఆ నలుగుడు తట్టుకోలేక వెళ్లిపోతున్నాడు. మొదటి రెండు నెలలు అతన్ని ప్రతి విభాగంలోనూ చేత్తో పని చేయనివ్వండి, నేర్పే బాధ్యత ఆ పెద్దవాళ్లకే అప్పగించండి. పొట్టు వలవడం నేర్పినావిడకు అతను ఆ తరువాత మర్యాద ఇవ్వకుండా ఉండలేడు, తాను నేర్పిన కుర్రాడు చెబితే ఆమె వినకుండా ఉండదు. పని తెలిసిన సూపర్‌వైజరు చెప్పే మెచ్చుకోలుకే విలువ ఉంటుందని పైన రాశాను, ఆ తెలివిడి అతనికి ఇలాగే వస్తుంది. అతను బాగా చేసినప్పుడు ఆ మాట చెప్పవలసింది మీరే. పైనుంచి మెచ్చుకోలు అందని మనిషి కిందివారిని మెచ్చుకోవడం నేను అరుదుగా చూశాను.

చివరగా సర్వే. దాన్ని కూడా ఇప్పుడే వద్దంటున్నాను. అరవై మంది ఉన్న చోట, అందులో చదవడం రాయడం రానివారు చాలామంది ఉండగా, పేరు లేకుండా టిక్కులు పెట్టించే కాగితం అనుమానాన్నే పుట్టిస్తుంది. ఎవరి చేత నింపించారో, ఎవరు ఏం చెప్పారో సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. దానికి బదులు మీ అబ్బాయిని బల్లకు ఒక రోజు చొప్పున పీలింగ్ గదిలో కూర్చోమనండి. పనిలో ఏది అడ్డొస్తోంది, ఏ మాట చెప్పినా వినేవారు లేరు, ఈ మధ్య మీరు బాగా చేశామనుకున్నది ఏమిటి, ఈ మూడే అడగమనండి, జవాబులు వారి మాటల్లోనే రాసుకోమనండి. వాటిలో కనీసం ఒకదాన్ని పదిహేను రోజుల లోపల చేసి చూపించండి. చేయలేనివాటికి కారణమేమిటో అందరి ముందూ మీరే నిలబడి చెప్పండి. అది జరిగిన తరువాతే రెండోసారి ఏదైనా అడగండి, సర్వే అయినా సరే.